వీధి చిత్రకారుల స్క్రీన్ ప్రింట్లు: చేతిపని ఉన్న షీటును ఎంచుకొని, కొని, కాపాడుకోవడం ఎలా

వీధి చిత్రకారుడు గోడ మీద వేసిన బొమ్మ ఆ గోడకే చెందుతుంది. దాన్ని పెకలించి తెచ్చుకోవడం సాధ్యం కాదు, సాధ్యమైనా మర్యాద కాదు. అదే చిత్రకారుడు కాగితం మీద కొద్ది సంఖ్యలో అచ్చు వేయించి, ఆపైన ఒక్కో షీటుకూ స్ప్రే డబ్బాతోనో కుంచెతోనో స్వయంగా మెరుగులు దిద్ది, సంతకం చేసి అమ్మే స్క్రీన్ ప్రింటు మాత్రం కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి కూడా అందుతుంది. మామూలు ఎడిషన్‌లో, అంటే ఒకే బొమ్మకు ఒక లెక్క ప్రకారం అచ్చు వేసిన షీట్ల జట్టులో, 12వ షీటుకూ 90వ షీటుకూ తేడా వెతికినా దాదాపు కనబడదు. చేతిపని చేసిన ఎడిషన్‌లో ఏ రెండు షీట్లూ ఒకేలా ఉండవు. కాబట్టి మీరు చూడవలసింది, ప్రశ్నించవలసింది, డబ్బు పెట్టవలసింది మీ చేతికి రాబోయే ఆ ఒక్క కాగితం విషయంలోనే. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ తేడా నుంచి పుట్టినవే.

ముందుగా అచ్చు పద్ధతిని అర్థం చేసుకోండి

ఫ్రేముకు బిగించిన సన్నని జాలీ గుడ్డకు వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి ఆరబెడతారు. బొమ్మ ఉన్న ఫిల్మును దానికి ఆనించి బలమైన కాంతి పడనిచ్చినప్పుడు, కాంతి సోకిన భాగం గట్టిపడుతుంది, బొమ్మ నీడ పడిన భాగం నీటితో కడిగితే కరిగిపోతుంది. అలా తెరుచుకున్న రంధ్రాల గుండా రబ్బరు అంచు ఉన్న స్క్వీజీతో సిరాను కాగితంపైకి దిగేలా లాగుతారు. ఈ జాలీ ఫ్రేమునే తెర (స్క్రీన్) అంటారు, ఒక్కో రంగుకు ఒక్కో తెర కావాలి. ఎనిమిది రంగుల బొమ్మ అయితే అదే కాగితం ఎనిమిదిసార్లు తెర కిందికి వెళ్లి, ప్రతిసారీ రంగు తన చోటే పడాలి. ఈ పొంతన వెంట్రుకవాసి తప్పినా రెండు రంగుల మధ్య తెల్లని సందో, ఒకదానిపై ఒకటి ఎక్కిన ముదురు గీతో కనిపిస్తుంది.

స్టెన్సిల్, అంటే బొమ్మ ఆకారంలో కోత పెట్టి పైన రంగు చల్లే అట్ట, కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది: రంగుకొక కోత, చదునైన పూత, పదునైన అంచు. 1981లో పారిస్ వీధుల్లో స్టెన్సిళ్లు వేయడం మొదలుపెట్టిన బ్లెక్ లె రా దగ్గర నుంచి బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ దాకా చాలామంది బొమ్మలు తెర మీదికి అంత సులువుగా రావడానికి కారణం అదే.

చేతిపని అంటే ఏమిటో అమ్మేవారితో చెప్పించండి

వివరణలో ‘చేతితో తుదిమెరుగులు’ అన్న మాట కనిపించగానే సంతృప్తి పడకూడదు. ఆ మాట కింద చాలా రకాల పనులు దాక్కుంటాయి. అచ్చు వేయకముందే కాగితానికి చిత్రకారుడు స్ప్రేతో నేపథ్యం వేసి ఉండవచ్చు. అచ్చయిన తర్వాత ఒక స్టెన్సిల్ పెట్టి ఎర్రని హృదయమో కిరీటమో చల్లి ఉండవచ్చు. యాక్రిలిక్ రంగు కారుతున్నట్టు వదిలి ఉండవచ్చు, బంగారు రేకు అతికి ఉండవచ్చు. అమెరికా వీధి చిత్రకారుడు షెపర్డ్ ఫెయిరీ తన ప్రింట్లలో కొన్నింటిని హెచ్‌పీఎమ్, అంటే హ్యాండ్ పెయింటెడ్ మల్టిపుల్ పేరుతో విడిగా చేస్తాడు. వాటిలో పాత పత్రికల ముక్కలు, నమూనా కాగితాలు అతికిన కొలాజ్ ముందు తయారై, దానిపైన తెర దిగుతుంది. అంటే అక్కడ చేతిపని అచ్చుకు పైన కాక అడుగున ఉంటుంది, ఒక్కో షీటుకు ఒక్కో నేలలాగా. ఇలాంటివి మామూలు ఎడిషన్‌తో పోలిస్తే అతి తక్కువ సంఖ్యలో వస్తాయి.

మెరుపు పొడి చల్లిన ప్రింట్ల గురించి ఒక మాట. ‘డైమండ్ డస్ట్’ అనే ఆ పూత అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ కాలం నుంచీ ఎక్కువగా గాజుపొడే. అందంగా ఉంటే కొనండి, వజ్రమని మాత్రం ఎక్కువ ఇవ్వకండి. పైగా ఆ పొడిని చాలాసార్లు చిత్రకారుడు కాక అచ్చు వేసేవారే చల్లుతారు కాబట్టి దాన్ని చేతిపనిగా లెక్కవేయడం నాకు ఇష్టం లేదు.

అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఆ పని చేసింది చిత్రకారుడా, స్టూడియోలోని సహాయకులా? అది అన్ని షీట్లలో ఉందా, కొన్నింటిలోనేనా? మీకు వచ్చే షీటు ఫోటో కొనకముందు చూపగలరా? మూడో ప్రశ్నకు నమూనా ఫోటో పంపి సరిపెడితే, ‘ఇది నాకు వచ్చే షీటేనా’ అని మళ్లీ అడగండి. చేతిపని తీసేస్తే బొమ్మలో ఏదో లోటు పడుతుందా అన్నది మాత్రం మిమ్మల్ని మీరే వేసుకోవలసిన ప్రశ్న. మూలన ఒక రంగు చుక్క వేసి ధర రెండింతలు చేసిన ఎడిషన్ల కంటే, చేతిపని లేని మంచి ప్రింటే మేలు.

అంచున రాసినవి చదవడం నేర్చుకోండి

బొమ్మ కింద మార్జిన్‌లో సాధారణంగా ఎడమవైపు సంఖ్య, కుడివైపు సంతకం, రెండూ పెన్సిల్‌తో ఉంటాయి. 23/150 అంటే 150 షీట్ల ఎడిషన్‌లో ఈ షీటుకు ఇచ్చిన సంఖ్య 23 అని అర్థం. ఏ.పి. అని ఉంటే చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ఆర్టిస్ట్ ప్రూఫ్. పి.పి. అంటే ముద్రాపకుడికి ఇచ్చిన ప్రతి. హెచ్.సి. అంటే అమ్మకానికి ఉద్దేశించని ప్రతి. ముద్రణశాలవారు కాగితాన్ని నొక్కి, సిరా లేకుండా ఉబ్బెత్తుగా వేసే ముద్ర కూడా మూలన ఉండవచ్చు. వేలు తగిలించకుండా దాన్ని పక్కవెలుతురులో చూడండి.

తక్కువ సంఖ్య ఉన్న షీటు మేలైనదన్న నమ్మకం రాగిరేకు మీద గీసి అచ్చు వేసిన కాలం నాటిది. ఆ రేకు అరిగేకొద్దీ అచ్చు మసకబారేది. తెర అంత త్వరగా అరగదు, పైగా షీట్లు అచ్చయిన వరుసలోనే సంఖ్యలు పడతాయన్న హామీ లేదు. 1/100 కోసం అదనంగా అడిగితే ఇవ్వవలసిన పని లేదు.

మొత్తం ఎన్ని షీట్లు ఉన్నాయన్న లెక్క మాత్రం జాగ్రత్తగా వేయాలి. ఒకే బొమ్మ సంతకంతో ఒక ఎడిషన్‌గా, సంతకం లేకుండా మరో ఎడిషన్‌గా, వేరే రంగుల్లో ఇంకో ఎడిషన్‌గా రావచ్చు. 2004లో మొదలైన బ్యాంక్సీ ‘గర్ల్ విత్ బెలూన్’ ప్రింటునే చూడండి: సంతకం ఉన్నవి 150, లేనివి 600, ఇవి కాక వేరే రంగుల్లో ఆర్టిస్ట్ ప్రూఫులు. చేతిపని ఎడిషన్‌లో 10 షీట్లే ఉన్నాయని చెప్పినప్పుడు, అదే బొమ్మకు మామూలు ఎడిషన్ ఎంత ఉందో, రంగు మార్చి మళ్లీ వేసే ఆలోచన ఉందో లేదో ప్రచురణకర్తను, అంటే ఆ ఎడిషన్‌ను వేయించి విడుదల చేసినవారిని, అడగడంలో తప్పులేదు.

ఎక్కడ, ఎప్పుడు కొనాలి

తొలి విడుదలలో, అంటే చిత్రకారుడి సొంత వెబ్‌సైట్‌లోనో ప్రచురించిన గ్యాలరీలోనో కొనడం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే భద్రం. నకిలీ అన్న అనుమానానికే అక్కడ చోటు లేదు. ఇబ్బంది ఒక్కటే, పేరున్నవారి ప్రింట్లు నిమిషాల్లో అయిపోతాయి. ఖాతా ముందే తెరిచి, చిరునామా, చెల్లింపు వివరాలు నమోదు చేసి ఉంచండి. విడుదల సమయం ఏ దేశపు గడియారం ప్రకారమో చూసి మీ సమయంలోకి మార్చి రాసిపెట్టుకోండి. కొందరు వేగపు పోటీకి బదులు లాటరీ పెడతారు. బ్యాంక్సీ 2019లో ‘గ్రాస్ డొమెస్టిక్ ప్రోడక్ట్’ పేరుతో తెరిచిన ఆన్‌లైన్ దుకాణంలో వస్తువు కావాలనుకున్నవారు ‘కళ ఎందుకు ముఖ్యం’ అన్న ప్రశ్నకు జవాబు రాయవలసి వచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాములతో మూటలుగా కొని మర్నాడే అమ్ముకునేవారిని ఆపడానికి ఇలాంటి పద్ధతులు పనికొస్తాయి.

తొలి విడుదలలో చేతిపని షీటును మీరు ఎంచుకునే వీలు చాలాసార్లు ఉండదు, ఏది వస్తే అది తీసుకోవాలి. మలి చేతిలో, అంటే వేలంలోనో మరో సేకర్త దగ్గరో కొన్నప్పుడు ధర ఎక్కువైనా షీటును చూసి ఎంచుకోవచ్చు. చేతిపని ప్రింట్ల విషయంలో ఈ వీలు చిన్నది కాదు. విడుదలైన మొదటి వారాల్లో మలి ధరలు వేడి మీద ఉంటాయి కనుక తప్పిపోయిన ప్రింటు వెంట వెంటనే పరుగెత్తకండి. కొన్ని నెలలు ఆగితే అదే ఎడిషన్ నుంచి రెండు మూడు షీట్లు బయటికి వస్తాయి, అప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

ధర చూసేటప్పుడు దానికి తోడయ్యేవన్నీ కలపండి. పెద్ద వేలం సంస్థల్లో పాట ధర మీద కొనేవారి కమీషన్ దాదాపు పావు వంతు ఉంటుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో, 2006 నుంచి బ్రిటన్‌లో, వ్యాపారుల ద్వారా జరిగే చాలా మలి అమ్మకాలపై చిత్రకారుడికి పునర్విక్రయ రుసుము చెల్లించాలి, మొదటి 50,000 యూరోల వరకు (బ్రిటన్‌లో ఇప్పుడు 50,000 పౌండ్ల వరకు) అది సాధారణంగా 4 శాతం. దీన్ని వేలంలో కొనేవారి బిల్లులోనే కలపడం మామూలే. ఆపైన రవాణా, బీమా, దిగుమతి సుంకం ఉంటాయి. సరైన ఫ్రేము ఖర్చు ఒక్కోసారి ప్రింటు ధరను తాకుతుంది.

షీటును దగ్గరగా పరీక్షించండి

ఈ పనికి 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్, చిన్న టార్చి, శుభ్రమైన చేతులు, తగినంత తీరిక కావాలి. ముందుగా రంగు చదునుగా పరచుకున్న చోట లూప్ పెట్టండి. స్క్రీన్ ప్రింటులో రంగు ఒకే ముద్దగా, అంచు తెగినట్టు కనిపిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటులో అదే చోట రకరకాల రంగుల సన్నని తుంపరలు కనిపిస్తాయి. ఆఫ్‌సెట్ పోస్టరులో నాలుగు రంగుల చుక్కలు చిన్న పువ్వుల్లా గుమికూడి ఉంటాయి. ఫోటో ఆధారంగా చేసిన స్క్రీన్ ప్రింటులో కూడా చుక్కలు ఉండవచ్చు, కానీ ప్రతి చుక్కా విడిగా, చిక్కని సిరాతో, ఒకే రంగులో ఉంటుంది. తర్వాత గది దీపం ఆర్పి, టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. సిరా పొర కాగితం మీద లేచి ఉండటం, రంగు మీద రంగు పడిన మెట్టు, కాగితంలోని మడతలు, వేలి నొక్కులు, అన్నీ నీడలతో బయటపడతాయి. పట్టుకునేటప్పుడు కాగితం అర్ధచంద్రాకారంలో విరిగిన గుర్తులు పడితే అవి పోవు. ధర మాట్లాడేటప్పుడు వాటిని తప్పక లెక్కలోకి తీసుకోండి.

చేతిపని జరిగిన చోట ఎక్కువసేపు ఆగండి. స్ప్రే రంగు అంచున పొగమంచులా పలచబడుతూ పోతుంది, ఆ మంచులో చుక్కలు ఒకే పరిమాణంలో ఉండవు, అక్కడక్కడా డబ్బా ఉమ్మిన పెద్ద చుక్క పడుతుంది. కారిన రంగు కింది కొసన కొంచెం లావుగా పూసలా ఆగి ఆరుతుంది, నిలువు గీత పొడవునా అంచులు కాస్త ఎత్తుగా ఉంటాయి. ఇదంతా అచ్చులో అనుకరించినప్పుడు ఎత్తు తగ్గులు మాయమై అంతా ఒకే మట్టంలో కనిపిస్తుంది. వీలైతే అదే ఎడిషన్‌లోని మరో షీటు ఫోటో సంపాదించి పోల్చండి. రెండింటిలోనూ చుక్కలు అచ్చం ఒకేచోట పడి ఉంటే చేయి వేసినవారెవరూ లేరని తేలినట్టే.

ఇంకో మోసం ఉంది, అది అసలు ప్రింటుతోనే జరుగుతుంది. చౌకగా దొరికే మామూలు ఎడిషన్ షీటు తీసుకొని, దానిపై ఎవరో స్ప్రే చల్లి చేతిపని ప్రతిగా అమ్మడం. కాగితం అసలుది, సంతకం అసలుది కాబట్టి ఈ మోసం పట్టుకోవడం కష్టం. మొదట భిన్నంలోని కింది అంకె చూడండి. చేతిపని ఎడిషన్‌కు విడి సంఖ్య ఉన్నప్పుడు, 300 ఎడిషన్ సంఖ్య వేసిన షీటు మీద స్ప్రే ఉండటానికి కారణం చెప్పించుకోవాలి. తర్వాత సంతకం మీద లూప్ పెట్టండి. చిత్రకారుడు పని పూర్తయ్యాకే సంతకం చేస్తాడు కనుక పెన్సిల్ గీత రంగు తుంపరల మీదుగా వెళ్లాలి. తుంపరలే పెన్సిల్ గీత మీద కూర్చుని ఉంటే, సంతకం తర్వాతే ఎవరో డబ్బా నొక్కారన్నమాట. ఒక్క ఈ గుర్తుతోనే తీర్పు ఇవ్వకపోయినా, ప్రచురణకర్తతో మాట్లాడకుండా డబ్బు కట్టకండి.

కాగితాలు, రుజువులు

ధ్రువపత్రం విలువ అది ఎవరు ఇచ్చారన్న దాని మీదే ఆధారపడుతుంది. చిత్రకారుడు, ఆయన నియమించిన సంస్థ, లేదా ఆ ఎడిషన్‌ను ప్రచురించినవారు ఇచ్చినది పత్రం. మధ్యలో అమ్మిన దుకాణం తన ప్రింటరులో తీసి ఇచ్చినది రసీదుతో సమానం. బ్యాంక్సీ పనులకు 2008లో ఏర్పడిన పెస్ట్ కంట్రోల్ ఒక్కటే అధికారిక సంస్థ. అది ఇచ్చే పత్రానికి డయానా ముఖంతో బ్యాంక్సీ అచ్చు వేసిన పది పౌండ్ల ఉత్తుత్తి నోటులో సగం చింపి పిన్ను కొడతారు, రెండో సగం సంస్థ దగ్గరే ఉంటుంది. రెండు సగాల మీదుగా చేత్తో రాసిన సంఖ్య కలిస్తేనే ఆ పత్రం నిజమైనది. కాగితం మీద నమ్మకాన్ని నిలబెట్టడానికి చిరిగిన ఉత్తుత్తి నోటును వాడుకోవడం బ్యాంక్సీ తరహా హాస్యమే అయినా, పద్ధతి పకడ్బందీగా ఉంది.

అందరు చిత్రకారులకూ ఇలాంటి ఏర్పాటు లేదు. బ్యాంక్సీ తొలి ప్రింట్లు అమ్మిన పిక్చర్స్ ఆన్ వాల్స్ సంస్థే మూతపడింది. ప్రచురణకర్త కనుమరుగైనప్పుడు మొదటి కొనుగోలు బిల్లు, ఆనాటి ఈమెయిలు, పార్శిల్ మీది చీటీ, ఇవే సాక్ష్యాలవుతాయి. కాబట్టి మలి చేతిలో కొనేటప్పుడు ప్రింటు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో తేదీలతో సహా రాసి ఇమ్మని అడగండి. ‘పాత సేకర్త ఒకరు ఇచ్చారు, పేరు చెప్పకూడదు’ అన్న జవాబు వస్తే ఆ షీటును వదిలేయండి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2024 నవంబరులో ఇటలీ పోలీసులు బయటపెట్టిన నకిలీల ముఠా దగ్గర బ్యాంక్సీ, వార్హోల్, పికాసో వంటివారి పేర్లతో చేసిన 2,100కు పైగా వస్తువులు దొరికాయి.

ఇంటికి వచ్చాక

చేతిపని ప్రింటును చుట్టి గొట్టంలో పంపవద్దని, రెండు గట్టి బోర్డుల మధ్య చదునుగా పంపమని కొనేటప్పుడే చెప్పండి. స్క్రీన్ సిరా కొంత వంపును ఓర్చుకుంటుంది, మందంగా పూసిన యాక్రిలిక్, అతికిన రేకు, కొలాజ్ ఓర్చుకోవు, పగుళ్లు ఇస్తాయి. గొట్టంలోనే వస్తే వచ్చిన వెంటనే బలవంతంగా విప్పకుండా, గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, మెల్లగా విప్పి, శుభ్రమైన ఆమ్లరహిత కాగితం పరచి అంచుల మీద మాత్రమే బరువు పెట్టి కొన్ని రోజులు వదిలేయండి. రంగు లేచి ఉన్న చోట బరువు పడకూడదు.

ఫ్రేము కట్టేవారికి మీ కోరిక స్పష్టంగా చెప్పండి: మౌంటు బోర్డు, వెనుక బోర్డు రెండూ నూలు గుజ్జుతో చేసినవి లేదా ఆమ్లరహితమైనవి కావాలి. ప్రింటును జపనీస్ కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో పైఅంచున మాత్రమే వేలాడదీయాలి. టేపు, స్ప్రే జిగురు, వేడితో అతికే డ్రై మౌంటింగ్ వద్దే వద్దు. అలా అతికిన షీటును మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం, వేలంలో దాని విలువ అక్కడే పడిపోతుంది. కాగితం అంచులు చేత్తో చింపినట్టు గరుకుగా ఉంటే వాటిని కత్తిరించకుండా, మౌంటుతో కప్పకుండా మొత్తం షీటు కనిపించేలా పెట్టించండి. గాజుకూ రంగుకూ మధ్య ఖాళీ ఉండాలి, మామూలు ప్రింటుకంటే ఇక్కడ అది కాస్త ఎక్కువే కావాలి, ఎందుకంటే ఉబ్బిన రంగు గాజుకు తగిలితే అతుక్కుంటుంది. అతినీలలోహిత కిరణాలను 99 శాతం ఆపే గాజు లేదా యాక్రిలిక్ పలక వేయించినా, ఎండ పడే గోడకు మాత్రం తగిలించకండి. కాగితపు పనులకు మ్యూజియంలు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురును ప్రమాణంగా పెట్టుకుంటాయి. మెరిసే ఫ్లోరొసెంట్ రంగులు అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి, స్ప్రే డబ్బాల్లో ఆ రంగులంటే వీధి చిత్రకారులకు ఉన్న మోజు తెలిసిందే.

ఫ్రేములో పెట్టని షీట్లను సొరుగులో చదునుగా, ఒక్కొక్కటీ విడి ఫోల్డరులో ఉంచండి. మామూలు ప్రింట్ల మధ్య గ్లాసీన్ అనే నున్నని పలుచని కాగితం పరుస్తారు, కానీ యాక్రిలిక్ రంగు మీద అది అంటుకుపోగలదు. ఉబ్బెత్తు రంగు ఉన్న షీటు మీద ఏదీ ఆనకుండా నాలుగు అంచులా బోర్డు పట్టీలతో ఎత్తు పెంచి మూత వేయడం మంచిది. గాలిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య, పెద్దగా ఎగుడుదిగుడులు లేకుండా ఉంటే చాలు.

మరకలు, పగుళ్లు కనిపిస్తే మీరే తుడవకండి. కాగితపు కళాకృతుల కన్జర్వేటరు, అంటే వాటిని బాగుచేసి కాపాడే నిపుణుడు, చూడాలి. 2018 అక్టోబరులో సోథబీస్ వేలంలో అమ్ముడైన క్షణమే సగం ముక్కలై, 2021లో 1.85 కోట్లకు పైగా పౌండ్లకు మళ్లీ అమ్ముడైన బ్యాంక్సీ చిత్రం చూసి, చెడిపోయినదానికి కూడా విలువ పెరుగుతుందని అనుకోకూడదు. అక్కడ ఫ్రేములో కత్తిరించే యంత్రం బిగించింది చిత్రకారుడే. ఆ సంఘటన తర్వాత తన దగ్గరున్న ప్రింటును అలాగే కత్తిరించుకున్న ఒక యజమాని దాని విలువంతా పోగొట్టుకున్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి.

చివరి పని ఒక దస్త్రం తెరవడం. ఫ్రేము కట్టించకముందే షీటు ముందువైపు, వెనుకవైపు, సంతకం, సంఖ్య, చేతిపని జరిగిన చోట్లు పక్కవెలుతురులో ఫోటోలు తీసి, కాగితం కొలతలతో, బిల్లు, ధ్రువపత్రం, ఈమెయిళ్ల నకళ్లతో కలిపి రెండు చోట్ల దాచండి. అసలు పత్రాన్ని ఫ్రేము వెనుక అతికించకండి, ప్రింటు దొంగతనానికి గురైతే పత్రం కూడా దానితోనే పోతుంది. చేతిపని ఉన్న షీటుకు ఈ ఫోటోలు వేలిముద్రల్లాంటివి, ఆ తుంపరలు మరే షీటులోనూ అదే చోట పడవు కాబట్టి పోయినది దొరికినప్పుడు మీదేనని రుజువు చేయడానికి, బీమా అడగడానికి ఇవే ఆధారం. ప్రింటు అమ్మినప్పుడు ఆ దస్త్రం మొత్తం కొన్నవారికి అప్పగించి, మీ పేరు, కొన్న తేదీ, అమ్మిన తేదీ చివర చేర్చి ఇవ్వండి.